మెట్ల మీద పొగ, ఎవరి ఇష్టం ఎంతవరకు: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన అపార్ట్‌మెంట్ నివాసుల సంఘం చేసిన పనులను ఈ నివేదికలో మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టికను ఆడిటర్ గారి సంతకంతో వేరుగా జతచేశాం. లిఫ్టుల నిర్వహణ ఒప్పందాన్ని రెన్యూ చేశాం. ఎండాకాలంలో బోరు అడుగంటి ట్యాంకర్లు తెప్పించక తప్పలేదు కాబట్టి నీటి పద్దు కిందటేడు కంటే పెరిగింది. ఇంకుడు గుంతల పూడిక తీయించాం. వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగాయి. పూనుకుని నడిపించిన ఆడవాళ్లకు, పిల్లలకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

ఇవి ఏటా ఉండే పనులే. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువసేపు కూర్చుని మాట్లాడింది మాత్రం సిగరెట్ పొగ గురించే. మెట్ల మీద, కారిడార్లలో, సెల్లార్‌లో పొగ విషయమై సభ్యుల మధ్య మాటామాటా పెరిగింది. ఒకరి ఇంటి ఫంక్షన్‌కి ఇంకొకరు వెళ్లడం మానేసేదాకా వచ్చింది. అందుకే ఈసారి నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

గొడవ ఎక్కడ మొదలైంది

వానాకాలంలో మొదలైంది. మామూలు రోజుల్లో కింద ఆవరణలోకి వెళ్లి కాల్చుకునేవాళ్లు వానలకు మెట్ల మలుపుల్లో నిలబడటం మొదలుపెట్టారు. మన మెట్లదారికి కిటికీలు చిన్నవి, పైన టెర్రస్ తలుపు రాత్రిపూట మూసే ఉంటుంది. రెండో అంతస్తులో వెలిగించిన సిగరెట్ వాసన పైకి పాకి నాలుగో అంతస్తు గుమ్మం దగ్గర ఆగేది. ఆ అంతస్తులో ఆయాసం ఉన్న పాప ఉంది. వాళ్లమ్మ గారు ముందు నోటితో చెప్పారు, తర్వాత కాగితం మీద రాసిచ్చారు. అదే సమయంలో బాత్రూమ్ డక్ట్ (అన్ని అంతస్తుల బాత్రూమ్‌లకూ ఉమ్మడిగా ఉండే గాలి సందు) గుండా పొగ వస్తోందని మరో రెండు ఇళ్లవాళ్లు ఫిర్యాదు చేశారు.

ఆ తర్వాత విషయం వాట్సాప్ గ్రూప్‌లోకి ఎక్కింది. సిగరెట్ పీకల ఫొటోలు, ఎవరివో చెప్పమని నిలదీయడాలు, "నా ఇల్లు, నా ఇష్టం" అని జవాబులు. గ్రూప్‌లో తేలే సంగతి కాదని కార్యవర్గం అక్కడితో ఆ చర్చ ఆపించి, అందరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని నిర్ణయించింది. ఇది మంచి నిర్ణయమని ఇప్పటికీ నా అభిప్రాయం. గ్రూప్‌లో కత్తులు దూసుకున్నవాళ్లే కుర్చీలు వేసుకుని కూర్చున్నాక "అన్నా, నీకు కష్టంగా ఉందని నాకు తెలీదు" అనుకున్నారు.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. మొదట వచ్చిన ఫిర్యాదుల్లో చాలావరకు డ్రైవర్ల మీద, వాచ్‌మన్ మీద, పెయింటింగ్ పనికి వచ్చిన కూలీల మీదే ఉన్నాయి. వాళ్ల బీడీల వాసనే అందరికీ కనిపించింది. విచారిస్తే మెట్ల మలుపుల్లో, కమ్యూనిటీ హాల్ వెనక, టెర్రస్ మీద కాల్చేది ఎక్కువగా ఫ్లాట్ల యజమానులు, వాళ్ల ఇంటికి వచ్చిన చుట్టాలు. పైగా సెల్లార్‌లో కార్ల దగ్గర నిలబడి ఫోన్ మాట్లాడుతూ సార్లు వదిలే పొగంతా ఆ పక్కనే గదిలో ఉండే వాచ్‌మన్ కుటుంబం పీలుస్తోంది. ఆయన "అయ్యా, కొంచెం బయటికి వెళ్లండి" అని అనగలడా? ఆయన జీతం మన చేతుల్లో ఉంది. ఎదురు చెప్పలేని మనిషి దగ్గరే మన మర్యాద ముందుగా కనిపించాలి. అందువల్ల ఏ నిబంధన పెట్టినా యజమానికీ పనివాళ్లకూ ఒకేలా వర్తించాలని మొదటి మీటింగ్‌లోనే అనుకున్నాం.

చట్టం ఎంతవరకు వస్తుంది

సభ్యుల్లో చాలామంది "చట్టం ఉందిగా, ఫైన్ వేయండి" అన్నారు. ఉంది. ముంబై రాజకీయ నాయకుడు మురళీ దేవరా వేసిన కేసులో 2001 నవంబర్ 2న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయాలు, కోర్టులు, ప్రభుత్వ కార్యాలయాలు, బస్సులు, రైళ్లలో పొగతాగడాన్ని నిషేధించమని ఆదేశించింది. పొగతాగని మనిషి వేరేవాళ్ల పొగ వల్ల రోగాలపాలు కావడమంటే రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కు దెబ్బతినడమేనని ఆ తీర్పు సారాంశం. 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం వచ్చింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం మీద కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. జరిమానా 200 రూపాయల వరకు. మనలో యాభై దాటినవాళ్లకు ఎర్రబస్సులో ముందు సీటాయన బీడీ, సినిమా హాల్లో తెర ముందు తేలే పొగ గుర్తుండే ఉంటాయి. ఇప్పటి పిల్లలకు అవి చెబితే నమ్మరు. ఇరవై ఏళ్లలో ఇంత మార్పు వచ్చింది.

కానీ ఆ చట్టం మన ఫ్లాట్ లోపలికి రాదు. ఆరుబయలును కూడా చాలావరకు వదిలేసింది. జనం వచ్చిపోయే చోట్లనే అది పట్టించుకుంటుంది. అపార్ట్‌మెంట్ మెట్లు, లిఫ్టు ఆ లెక్కలోకి వస్తాయా అంటే మన సభ్యుల్లోనే ఉన్న ఇద్దరు లాయర్లు రెండు రకాలుగా చెప్పారు. ఒకటి మాత్రం స్పష్టం, ఆ 200 జరిమానా వసూలు చేసే అధికారం మన సంఘానికి లేదు. కాబట్టి చట్టం పేరు చెప్పి ఎవరినీ బెదిరించకూడదని, మన చోట్లకు మనమే కట్టుబాటు చేసుకోవాలని కార్యవర్గం అనుకుంది. 2008 నిబంధనల్లో మనకు పనికొచ్చేవి మాత్రం తీసుకున్నాం. నిషేధం ఉన్న చోట యాష్‌ట్రే, అగ్గిపెట్టె లాంటివి ఉంచకూడదని అందులో ఉంది. అందుకే కింద లిఫ్టు పక్కన చాలా ఏళ్లుగా ఉన్న ఇసుక కుండీ తీసేశాం. అది అక్కడ ఉన్నంతకాలం "ఇక్కడ కాల్చుకోవచ్చు" అని చెబుతున్నట్టే ఉండేది. ప్రతి అంతస్తులోనూ, లిఫ్టు దగ్గరా బోర్డు ఉండాలని, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసి ఉంచాలని కూడా ఆ నిబంధనలు చెబుతాయి. మనమూ అలాగే తెలుగులో, ఇంగ్లిష్‌లో, హిందీలో బోర్డులు పెట్టించాం.

డాక్టర్ గారు చెప్పినవి

ఊపిరితిత్తుల వైద్యులైన మన సభ్యులొకరు ఒక ఆదివారం హాల్లో అందరికీ అర్థమయ్యేలా మాట్లాడారు. రాలేకపోయినవాళ్ల కోసం ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

కాల్చేవాళ్లు పీల్చి వదిలే పొగ ఒకటి, వేళ్ల మధ్య సిగరెట్ ఊరికే కాలుతూ వదిలే పొగ మరొకటి. పక్కవాళ్ల ముక్కుల్లోకి వెళ్లేదాంట్లో ఈ రెండోదే ఎక్కువ. అది ఫిల్టర్ గుండా వచ్చింది కాదు, తక్కువ వేడి మీద సరిగా కాలనిది. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి, వాటిలో 70 దాకా కేన్సర్ తెచ్చేవి. జపాన్‌లో తకేషి హిరాయామా అనే శాస్త్రవేత్త పొగతాగని 91,540 మంది భార్యలను 14 ఏళ్లపాటు గమనించి 1981లో ఫలితాలు ప్రచురించారు. భర్త ఎంత ఎక్కువ కాలిస్తే భార్యకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు అంత ఎక్కువని తేలింది. దాన్ని కొట్టిపారేయడానికి సిగరెట్ కంపెనీలు చాలా ప్రయత్నించాయి, కుదరలేదు. ఇతరుల పొగ పీల్చేవాళ్లకు గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధాన వైద్యాధికారి) 2006 నివేదిక చెప్పింది. ఇంతవరకు పీలిస్తే ఏమీ కాదు అనే హద్దు లేదని కూడా ఆ నివేదికలోనే ఉంది. పిల్లల్లో ఆయాసం, చెవి ఇన్ఫెక్షన్లు దీనివల్ల ఎక్కువవుతాయి.

2016–17లో మన దేశంలో జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం పొగతాగేవాళ్లు 10.7 శాతం. ఇంట్లోనే ఇతరుల పొగ పీలుస్తున్నామని చెప్పినవాళ్లు 38.7 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూసి హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే కేన్సర్ లెక్కల కంటే ఇవే ఎక్కువ బాధ కలిగించాయి.

కిటికీ తీస్తే సరిపోదా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. ఫ్యాన్ ఆ పొగను మన బాత్రూమ్ నుంచి డక్ట్‌లోకి తోస్తుంది, డక్ట్ నుంచి అది పై ఇంటి బాత్రూమ్‌లోకి వెళ్తుంది.

ప్రత్యేక సర్వసభ్య సమావేశం

ఇది చాలాసేపు జరిగింది. వేడిగానే జరిగింది, కానీ ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

పొగతాగే సభ్యుల మాట కార్యవర్గం ఓపిగ్గా వింది, వినాల్సింది కూడా. ఒకాయన అన్నారు: "మమ్మల్ని దొంగల్లా చూస్తున్నారు. ఇది అమ్మకానికి అనుమతి ఉన్న వస్తువు, మేం డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాం, పన్ను కడుతున్నాం." ఆ మాటలో న్యాయం ఉంది. మానమని చెప్పే హక్కు సంఘానికి లేదు. పెద్దవాళ్లు తమ ఒంటికి ఏం చేసుకుంటారో వాళ్లిష్టం. మనలో పొగాకు మీద బతికిన కుటుంబాలు కూడా ఉన్నాయి. కందుకూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, బ్యారన్‌లో (పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టంలో) రాత్రంతా మేలుకుని ఆకు క్యూరింగ్ చేసి, వేలంలో వచ్చిన డబ్బుతోనే తమ నాన్న ఐదుగురిని చదివించారని చెప్పారు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క తమ అమ్మ తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతులతోనే తమకు అన్నం పెట్టిందన్నారు. ఆ కష్టాన్ని ఈ సంఘంలో ఎవరూ చులకన చేయరు. ఆ అక్కే చివర్లో, అమ్మకు దగ్గు రావడం కూడా చూశాను, మెట్ల మీద పొగ వద్దు అని చెయ్యెత్తారు.

ఇంకొకరు వేసిన ప్రశ్న బాగా గుచ్చుకుంది. "సిగరెట్ పొగేనా మీకు కనిపించేది? జనరేటర్ పొగ సంగతేంటి? తోటలో ఎండుటాకులు తగలబెడుతున్నారు కదా? సెల్లార్‌లో ఏసీ కోసం కారు ఇంజన్ ఆన్ చేసి పెట్టుకుని కూర్చుంటున్నారు కదా?" నిజమే. అందుకే తీర్మానంలో వాటినీ చేర్చాం. ఎండుటాకులు ఇప్పుడు కంపోస్ట్ గుంతలోకి వెళ్తున్నాయి. జనరేటర్ గొట్టాన్ని పైకి పొడిగించాం. సెల్లార్‌లో ఇంజన్ ఆన్ చేసి ఉంచవద్దని బోర్డు పెట్టాం. అగరుబత్తుల మీద, హోమాల మీద కూడా మాట వచ్చింది కానీ దాన్ని పండగ కమిటీకి వదిలేశాం. హోమాలు ఇకముందు హాల్లో కాకుండా ఆరుబయట చేయిస్తామని వాళ్లే ముందుకొచ్చారు.

మెట్లు, లిఫ్టులు, కారిడార్లు, సెల్లార్, హాల్, పిల్లలు ఆడుకునే చోటు, టెర్రస్ వీటిల్లో ఎవరూ పొగతాగకూడదని తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందింది. టెర్రస్ ఆరుబయలే కదా అన్నారు. అక్కడ బట్టలు ఆరేస్తాం, ఎండాకాలం పిల్లలు పడుకుంటారు కాబట్టి ఒప్పుకోలేదు. పొగతాగేవాళ్ల కోసం వెనక ప్రహరీ దగ్గర, ఏ కిటికీకీ, వాచ్‌మన్ గదికీ దగ్గర కాకుండా రేకుల నీడ వేయించి పీకల డబ్బా పెట్టాం. "వాళ్లకోసం మా మెయింటెనెన్స్ సొమ్మా?" అని కొందరు నొచ్చుకున్నారు. వానలో నిలబడే చోటు లేకపోతే మళ్లీ మెట్ల మీదికే వస్తారు. ఆ ఖర్చు సరైనదే.

జరిమానా పెట్టలేదు. జరిమానా పెడితే వాచ్‌మన్ చేత నిఘా పెట్టించాలి, ఆయన్ని యజమానుల మీదికి ఉసిగొల్పాలి. దానికి బదులు కార్యవర్గంలో ఇద్దరి ఫోన్ నంబర్లు బోర్డు మీద ఉన్నాయి. ఫిర్యాదు వస్తే వాళ్లే వెళ్లి మాట్లాడతారు, గ్రూప్‌లో పేరు పెట్టరు.

ఆ తర్వాత

మెట్లదారిలో పొగ దాదాపు ఆగింది. నాలుగో అంతస్తు పాప అమ్మగారు ఆ సంగతి కార్యవర్గానికి వచ్చి చెప్పారు. పెళ్లిళ్లకు, పుట్టినరోజులకు వచ్చే అతిథులతో ఇంకా ఇబ్బంది ఉంది. హాల్ బుక్ చేసుకునేవాళ్లే తమ అతిథులకు ముందుగా చెప్పాలని బుకింగ్ ఫారంలో చేర్చాం.

బాల్కనీల గొడవ పూర్తిగా తేలలేదు. అది ఎవరి ఇంటి భాగం వారిది, సంఘం అడుగుపెట్టదు. అయినా ఒకచోట రెండు కుటుంబాలు మాట్లాడుకుని సర్దుకున్నాయి. కింద ఇంటి బాబాయ్ గారు పై ఇంట్లో పసిపిల్లను పడుకోబెట్టే వేళ బాల్కనీలోకి రావడం మానేసి, మోకాళ్ల నొప్పులున్నా వెనక ప్రహరీ దాకా నడుస్తున్నారు. ఆయనకు ఇక్కడ ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పాలనిపించింది, చెబుతున్నాను.

ఒక పుట్టినరోజు పార్టీ తర్వాత హాల్లో ఈ-సిగరెట్ దొరికింది. పొగ కాదు, ఆవిరే అని పిల్లలు అనుకుంటున్నారు. 2019లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో వాటిని అమ్మడం, దిగుమతి చేసుకోవడం, ప్రచారం చేయడం నేరం. ఎవరి పిల్లలో వెతకలేదు, తల్లిదండ్రులందరికీ సమాచారం ఇచ్చాం. మన వీధి చివర బడికి దగ్గర్లో విడి సిగరెట్లు అమ్ముతున్నారని తెలిసి, విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదన్న నిబంధనను చూపిస్తూ సంబంధిత అధికారులకు అర్జీ ఇచ్చాం. జవాబు ఇంకా రాలేదు, మళ్లీ ఇస్తాం.

మానేయాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 1800 11 2356 నంబరును నోటీసు బోర్డులో పెట్టాం. మన డాక్టర్ గారు కూడా ఆదివారాలు విడిగా మాట్లాడతానన్నారు. వెళ్లినవాళ్లు ఉన్నారు, ఎవరనేది వాళ్లకూ డాక్టర్ గారికీ మధ్యే.

సభ్యుల ముందు పెడుతున్న ప్రతిపాదనలు

బాత్రూమ్ డక్ట్‌ల సంగతి వచ్చే ఏడాది తేల్చాలి. ప్రతి ఇంటి ఎగ్జాస్ట్‌కు గాలి వెనక్కి రాకుండా మూతలు బిగించి, డక్ట్ పైన పెద్ద ఫ్యాన్ పెట్టాలని ప్లంబర్ చెప్పారు. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాం, కాపీలు ఆఫీసులో ఉన్నాయి. దీన్ని కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) నుంచి చేయాలా, ఇంటికింత అని వసూలు చేయాలా అన్నది ఈ సమావేశంలో మీరే నిర్ణయించాలి. వాచ్‌మన్ గదికి సెల్లార్ వైపు ఉన్న కిటికీని మూసి, బయటివైపు కొత్త కిటికీ పెట్టించాలని కార్యవర్గం ఏకగ్రీవంగా సిఫారసు చేస్తోంది. ఆ తర్వాత కొత్త కార్యవర్గం ఎన్నిక జరుగుతుంది. పోటీ చేయదలచినవాళ్లు సమావేశం మొదలయ్యేలోపు పేర్లు ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి
(కార్యవర్గం తరఫున)