మా అల్లుడి పూర్వీకుల జాడ తీసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా అల్లుడి ముత్తాతకు నాయనమ్మ అయిన ఒక ఐరిష్ ఇల్లాలి పేరు, ఊరు, ఆవిడ నోటి మాటలు ఇవాళ మా ఇంట్లో కాగితాల మీద ఉన్నాయి. ఐర్లాండ్‌లోని క్లేర్ కౌంటీ నుంచి ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఉన్న బంగారు గనుల ఊళ్ళకి బతకడానికి వచ్చిన మనిషి ఆవిడ. ఈ వివరాలు మాకు చేరడానికి ఎంతోమంది తమ టైమ్ ఇచ్చారు, ఒక్కరూ డబ్బు తీసుకోలేదు. పేర్లు బయట పెట్టొద్దని కొందరు అన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి పెళ్ళి మన పద్ధతిలోనే చేశాం. కన్యాదానం దగ్గర పురోహితుడు గారు వరుడి వైపు మూడు తరాల పేర్లు అడిగితే, వియ్యంకుడు గారు రెండు చెప్పి మూడో దగ్గర తడబడ్డారు. "బాలరాట్ నుంచి వచ్చారట, గనుల్లో పనిచేసేవాళ్ళట" అని మాత్రం అన్నారు. బాలరాట్ అంటే విక్టోరియాలోని ఒక బంగారు గనుల ఊరు. ఆయన చిన్నబుచ్చుకోవడం చూశాక, రిటైరైన టీచర్ని, ఈ పనైనా నేను చేసి పెట్టాలి అనుకున్నాను.

మొదటి దారి చూపించింది బాలరాట్ లైబ్రరీలో పనిచేసే ఒకావిడ. విక్టోరియాలో 1853 జూలై నుంచి జనన మరణాలు, పెళ్ళిళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం తప్పనిసరి. అక్కడి పాత డెత్ సర్టిఫికెట్లలో ఎంత సమాచారం ఉంటుందో చూసి ఆశ్చర్యపోయాను. చనిపోయిన మనిషి తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా, ఎక్కడ పుట్టారు, ఈ దేశం వచ్చి ఎన్నేళ్ళయింది, ఎక్కడ పెళ్ళయింది, పిల్లలు ఎవరెవరు, వాళ్ళలో ఎవరు పోయారు, అన్నీ రాసి ఉంటాయి. ఐరిష్ ఇంటిపేర్ల ముందు వచ్చే 'ఓ' ఉన్నట్టూ లేనట్టూ రెండు రకాలుగా వెతకమని ఆవిడే చెప్పారు. అలా దొరికింది మన ఇల్లాలి సర్టిఫికెట్. పిల్లల వరసలో ఇద్దరు చిన్నప్పుడే పోయారని ఉంది. మేడమ్, మీరు ఆ రోజు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చోకపోతే ఈ పని అక్కడే ఆగిపోయేది.

మా వియ్యంకుడి ఇంట్లో ఒక మాట తరతరాలుగా ఉంది. తమవాళ్ళు 1854 డిసెంబర్ 3న బాలరాట్ గని కార్మికులు ప్రభుత్వం మీద చేసిన యురేకా తిరుగుబాటులో, దాని నాయకుడు పీటర్ లాలర్ పక్కన నిలబడ్డారని. లాలర్ కూడా ఐర్లాండ్ మనిషే. ఆ పోరులో చెయ్యి పోగొట్టుకుని, తర్వాత విక్టోరియా శాసనసభకు స్పీకర్ అయ్యాడు. పాత ప్రభుత్వ కాగితాలు భద్రపరిచే పబ్లిక్ రికార్డ్ ఆఫీస్‌లో స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దాయన ఓడ జాబితాలు తీసి, మనవాళ్ళు దిగింది ఆ తర్వాతేనని ఎంతో మృదువుగా చెప్పారు. ఆ జాబితాలో మన ఇల్లాలి వయసు, కౌంటీ, మతం ఉన్నాయి. చదవగలదు, రాయడం రాదు అని కూడా ఉంది. ఇంటిపనికి కుదిరే ఒంటరి ఆడపిల్లల్ని ప్రభుత్వమే ఓడ ఖర్చు భరించి తెచ్చుకునేదని అప్పుడే తెలిసింది.

ఆ పెద్దాయన అంతటితో ఆగలేదు. "ఆమె భర్త గనిలో పోయాడు కదా, అయితే కరోనర్ విచారణ కాగితాలు ఉండాలి" అని వెతికి పట్టారు. కరోనర్ అంటే అసహజ మరణాల మీద విచారణ జరిపే అధికారి. అప్పటికి బాలరాట్‌లో పళ్ళెంలో మట్టి కడిగి బంగారం ఏరుకునే కాలం పోయింది. నల్లరాతి పొర కిందికి లోతుగా గోతులు దింపి, కంపెనీలు కూలీకి మనుషుల్ని పెట్టుకుని తవ్వించేవి. పైకప్పు మట్టి కూలి ఆయన పోయాడు. విచారణలో భార్య సాక్ష్యం ఉంది. ఆ పొద్దున్నే షిఫ్టుకు బయల్దేరిన వేళ, కొన్నాళ్ళుగా గనిలో నీరు ఊరుతోందని ఆయన ఇంట్లో అనుకున్న సంగతి, కబురు తెచ్చిన పొరుగాయన, అన్నీ ఆమె చెప్పినట్టే గుమస్తా రాసుకున్నాడు. కింద, మన దగ్గర వేలిముద్ర వేసినట్టు, ఆమె పెట్టిన ఇంటూ గుర్తు. రాయడం రాని మనిషి మాటలు ఇన్నేళ్ళు నిలిచాయి, అదీ ఆమె జీవితంలోకెల్లా చెడ్డ రోజున చెప్పినవి. అది చదివి నేనూ మా అమ్మాయీ చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం. సార్, ఆ చేతిరాతను అర్థమయ్యేలా మొత్తం టైప్ చేసి పంపారు. మీ రుణం తీరేది కాదు.

తర్వాత ఆవిడ ఎలా బతికింది? జవాబు మునిసిపాలిటీ పన్ను రిజిస్టర్లలో దొరికింది. ఏటేటా ఆవిడ పేరు మీదే చెక్కతో కట్టిన రెండు గదుల ఇల్లు. ఊరివాళ్ళ బట్టలు ఉతికి ఆ పన్ను కట్టింది. గనుల చరిత్రలో మగవాళ్ళ పేర్లే ఎక్కువ కనిపిస్తాయి, కానీ ఆ ఊళ్ళను నిలబెట్టింది ఇలాంటి ఆడవాళ్ళేనని నా గట్టి నమ్మకం. పెద్ద కూతుర్ని ఐరిష్ వాళ్ళు బంగాళాదుంపలు పండించే బంగరీ వైపు ఇచ్చింది. కొడుకు 1890లలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గనుల ఊరు కాల్గూర్లీకి వెళ్ళిపోయాడు. 1893లో అక్కడ బంగారం కనిపెట్టిన పాడీ హానన్‌దీ క్లేర్ కౌంటీయే. మంచినీళ్ళ పైపులైను 1903 దాకా రాని ఆ ఎడారి ఊళ్ళో పుట్టినవాడే మా అల్లుడి ముత్తాత.

ఐర్లాండ్ వైపు కష్టం. 1922లో డబ్లిన్ రికార్డుల భవనం కాలిపోయినప్పుడు పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు మాత్రం మిగిలాయి, 2015 నుంచి ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం వాటిని ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. క్లేర్‌లో ఉండే ఒక స్థానిక చరిత్రకారుడు, నా ముఖమైనా చూడని మనిషి, మరకలు పడ్డ ఆ లాటిన్ పేజీల్లో ఆవిడ జ్ఞానస్నానం నమోదు వెతికి ఇచ్చారు. ఆయనకి నా వందనాలు.

చివరిగా, బాలరాట్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మన ఖమ్మం కుర్రాడు, అతని భార్య. సెలవు రోజులు మానుకుని నన్ను లైబ్రరీకీ, శ్మశానానికీ కారులో తిప్పారు. శ్మశానం ఆఫీసువాళ్ళు రికార్డు చూసి వరస నెంబరు చెప్పారు. అక్కడ రాయి లేదు, ఉత్త గడ్డి. వియ్యంకుడు గారు ఇప్పుడు భార్యాభర్తలిద్దరి పేర్లతో రాయి వేయిస్తున్నారు, పుట్టిన ఊరి పేరుతో సహా. బాబూ, అమ్మా, ఆ రోజుకి మీరిద్దరూ తప్పకుండా రావాలి. వంట నాది.