అమ్మమ్మలుండగానే ఇమ్జాద్ నేర్పించాలి

సంపాదకులకు నమస్కారం.

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం సహారా ఎడారిలోని ఇమ్జాద్ అనే వాద్యం గురించి. అల్జీరియా, మాలి, నైజర్ దేశాల్లోని టువారెగ్ జాతిలో దీన్ని ఆడవాళ్లే వాయిస్తారు. మగవాళ్లు పక్కన కూర్చుని పాట అందుకుంటారు.

ఎండిన సొరకాయ బుర్రను సగానికి కోసి, మేకతోలు బిగించి, గుర్రపు వెంట్రుకలు కలిపి ఒకే ఒక్క తీగ కడతారు. విల్లులా వంగిన కమానుకీ గుర్రపు వెంట్రుకలే. వాళ్ల భాషలో ఇమ్జాద్ అంటే వెంట్రుక అనే అర్థం. ఒక వీడియోలో పెద్దావిడ నేల మీద కూర్చుని, వాద్యం ఒళ్లో పెట్టుకుని వాయిస్తోంది. ఆవిడ ఎడమచేతి వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఒక్క తీగ మీద అంత గమకం పలికించడం ఎంత కష్టమో కమాను పట్టినవాళ్లకు తెలుస్తుంది.

ఈ విద్య పుస్తకంలో దొరకదు. పెద్దవాళ్ల పక్కన కూర్చుని, విని పట్టుకోవాల్సిందే. 1970, 80ల కరువుల్లో మందలు చచ్చిపోయి ఎన్నో కుటుంబాలు గుడారాలు వదిలి పట్టణాలకు చేరాయి. 2012లో ఉత్తర మాలిలో మొదలైన పోరు ఇంకొందరిని చెదరగొట్టింది. కుర్రాళ్లు గిటారు పట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు, కానీ అమ్మాయిలకు ఇమ్జాద్ నేర్పే రాత్రులు తగ్గిపోయాయి.

2013లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. జాబితాలో పేరెక్కితే మాత్రం ఎవరికీ చెయ్యి తిరగదు. అల్జీరియాలోని తమన్‌రాసెట్‌లో ఒక సంఘం అమ్మాయిలకు ఇమ్జాద్ నేర్పించడానికి పూనుకుంది. నాకు ఆశ కలిగించింది అదీ.

మన పన్నెండు మెట్ల కిన్నెరా సొరకాయ బుర్రల వాద్యమే. మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వస్తే అందరం చప్పట్లు కొట్టాం. ఆ కిన్నెర ఇప్పుడు ఎంతమంది పిల్లల చేతుల్లో ఉంది?

అల్జీరియా, మాలి, నైజర్ ప్రభుత్వాలు ఇమ్జాద్ వాయించే పెద్దావిడలకు గురువులుగా నెలనెలా జీతమివ్వాలి. యునెస్కోకు పంపే నివేదికల్లో ఉత్సవాల ఫొటోలతో సరిపెట్టకుండా, ఎంతమంది అమ్మాయిలు నేర్చుకుంటున్నారో లెక్క చెప్పాలి. ఈ జాబితా వెనకున్న యునెస్కో ఒప్పందంలో మన దేశమూ ఉంది కాబట్టి మన ప్రతినిధులు ఈ మాట అక్కడ అడగాలి. కిన్నెర లెక్క కూడా చేత్తో పట్టుకుని వెళ్లి మరీ అడగాలి.

– ఒక వయొలిన్ టీచర్, విజయవాడ