ఎఫ్‌ఎంజీఈ పాసయ్యాను. తాతగారూ, మీకు దణ్ణం

ఫలితం వచ్చినప్పటి నుంచి ఫోన్లు, మెసేజ్‌లు ఆగడం లేదు. అందరికీ సరిగ్గా జవాబివ్వలేకపోయాను, ఏమీ అనుకోకండి. నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. అయినా ఇవాళే రాసేయాలని కూర్చున్నాను. డాక్టరు రిజిస్ట్రేషన్ కాగితాల వెనక తిరగడం మొదలుపెడితే మళ్ళీ ఎప్పుడు తీరిక దొరుకుతుందో తెలియదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళు ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే ఎఫ్‌ఎంజీఈ (ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్) పాసవ్వాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఒకే రోజున రెండు పూటలు, పూటకి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. 300కి 150 వస్తే పాస్. తప్పు రాస్తే మార్కులు కోయరు. వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానీ చాలా సెషన్లలో రాసినవాళ్ళలో ఐదోవంతు మాత్రమే గట్టెక్కుతున్నారు. అనాటమీ నుంచి ఆర్థోపెడిక్స్ దాకా అన్ని సబ్జెక్టులూ ఆ ఒక్క రోజు తలలో ఉండాలి.

నేను 2017లో ఎంబీబీఎస్‌కి కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ వెళ్ళాను. మధ్యలో కోవిడ్ వచ్చి 2020లో ఇంటికి చేరి, మేడ మీద సిగ్నల్ దొరికే మూలలో కూర్చుని క్లాసులు విన్నాను. తర్వాత మళ్ళీ వెళ్ళి కోర్సు పూర్తిచేశాను. మాకు అక్కడ చెప్పిన చదువు ఒకటి, ఇక్కడ అడిగేది ఇంకొకటి. కమ్యూనిటీ మెడిసిన్‌కి 30 మార్కులుంటాయి. మన దేశపు టీకాల పట్టిక, క్షయ కార్యక్రమం, ఆశా కార్యకర్త ఏం చేయాలి, సబ్ సెంటర్ ఎంత జనాభాకి ఉండాలి, ఇవన్నీ బిష్కెక్‌లో ఎవరు చెబుతారు?

అమ్మ, నాన్న, మావారు, అత్తయ్య నన్ను ఎలా మోశారో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు. పాపని అత్తయ్యే పెంచిందనాలి. ఇంట్లోవాళ్ళ సంగతి ఇంట్లోనే చెప్పుకుంటాను. ఈ పోస్టు వేరే మనిషి కోసం.

పాపతో ఇంట్లో చదువు సాగక మా ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. మాది శ్రీకాకుళం జిల్లా పలాస పక్కన. గ్రంథాలయం పొద్దున్న 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. అక్కడికి రోజూ పేపర్లు చదవడానికి ఒక తాతగారు వచ్చేవారు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నాకు చుట్టమూ కాదు, మా వీధీ కాదు. నేను పెదాలు కదుపుతూ నాలో నేను చదువుకోవడం చాలా రోజులు చూసి, ఒక సాయంత్రం ఎదురు కుర్చీలోకి వచ్చారు. "ఎవరో ఒకరు అడిగితే కదమ్మా జవాబు గట్టిగా వచ్చీది. పుస్తకం ఇటియ్యి, నానడుగుతాను" అన్నారు.

ఆయన చదివింది పదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు. మొదటి రోజు ఒక ప్రశ్న చదవడానికే చాలాసేపు పట్టింది. నాకు సమయం పోతోందని లోపల కంగారు, పెద్దాయన్ని కాదనలేని మొహమాటం. మర్నాడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చారు. "నువ్వు ఒక్కసారి సదివి ఇనిపించు, నాను తెలుగులో రాసుకుంటాను" అన్నారు. ఫియోక్రోమోసైటోమా, హిర్ష్‌స్ప్రంగ్ డిసీజ్, టెట్రాలజీ ఆఫ్ ఫాలో లాంటి జబ్బుల పేర్లన్నీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. ఎడమవైపు ప్రశ్న, కుడివైపు జవాబు, అంచున ఎర్ర పెన్నుతో గుర్తు. సరిగ్గా చెబితే టిక్కు, తప్పితే సున్నా. సున్నా పడినవాటిని రెండు మూడు రోజులాగి మళ్ళీ అడిగేవారు. మళ్ళీ తప్పితే ఇంకో సున్నా. ఏ రోజు ఎన్ని అడిగారు, ఎన్ని తప్పాయి అని పేజీ కింద కూడిక వేసేవారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు టికెట్ల లెక్క ఒక్క రూపాయి తేడా రానిచ్చేవారు కాదట. ఇప్పుడు వేలకి వేలు తీసుకునే యాప్‌లు చేసేది ఇదే పని. ఆయన రూపాయి తీసుకోకుండా, విసుక్కోకుండా నెలల తరబడి చేశారు.

ఒట్టిగా అడగడమే కాదు. ఫోరెన్సిక్‌లో నేను బట్టీ పట్టిన ఐపీసీ సెక్షన్లు 2024 జూలై 1న మారిపోయాయి. హత్య 302 పోయి భారతీయ న్యాయ సంహితలో 103 అయింది. నిర్లక్ష్యం వల్ల మరణం 304ఏ పోయి 106 అయింది. వరకట్న మరణం 304బి పోయి 80. ఇవన్నీ పేపర్లో వచ్చినప్పుడు కత్తిరించి దాచుకున్న కాగితం తెచ్చి నోట్‌బుక్‌లో అతికించారు. కట్లపాము గురించి అయితే పుస్తకం కంటే ఆయనే బాగా చెప్పారు. రాత్రి కింద పడుకున్నవాళ్ళని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కనబడదు, తెల్లారేసరికి కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి. వాళ్ళ ఊళ్ళో ఒక కుర్రాడికి అజీర్తి అనుకుని వాము నీళ్ళు పట్టించారట. న్యూరోటాక్సిక్ విషం (నరాలని దెబ్బతీసే విషం) అన్న పదం చూస్తే నాకిప్పుడు ఆ పిల్లాడే గుర్తొస్తాడు.

కిడ్నీ పాఠం వచ్చిన రోజు గురించి రాయకుండా ఉండలేను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) అనే మాట చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ రోజు ప్రశ్న కిడ్నీలు పాడైనప్పుడు రక్తంలో పొటాషియం పెరిగిపోవడం మీద. ఈసీజీలో టీ వేవ్ నిటారుగా లేస్తుంది, ముందు కాల్షియం గ్లూకోనేట్ ఇవ్వాలి. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాపాడుతుంది. తగ్గించడానికి గ్లూకోజుతో ఇన్సులిన్. నేను చెప్పుకుంటూ పోతున్నాను. పొటాషియం ఎక్కువుండే ఏయే తిండి మానాలో కూడా చెప్పాను. అరటిపండు, కొబ్బరినీళ్ళు అనగానే ఆయన పెన్ను ఆపేశారు. "మా ఇంటిదానికీ కొబ్బరినీళ్ళు మానీమన్నారు. సుట్టూ కొబ్బరితోటలే. ఎందుకు మానాలో ఎవరూ సెప్పలేదు. దాహమేస్తందని ఏడిస్తే నానే దొంగసాటుగా ఇచ్చీవోడిని" అన్నారు. ఆవిడ పలాస కిడ్నీ ఆసుపత్రి రాకముందే పోయారు. అది 2023 డిసెంబరులో మొదలైంది. అంతకుముందు డయాలసిస్ కోసం ఆవిడని రైల్లో విశాఖ తీసుకెళ్ళేవారట. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఆయనే కళ్ళద్దాలు తుడుచుకుని తర్వాతి ప్రశ్న అడిగారు.

పోయినసారి నాకు 148 వచ్చాయి. రెండు మార్కులు. నేను గ్రంథాలయానికి వెళ్ళడం మానేశాను. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు. ఒక మధ్యాహ్నం, మే నెల ఎండలో, ఆయన మా ఇంటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుని, బస్సు దిగి నడిచి వచ్చారు. చేతిలో సంచి, సంచిలో ఆ నోట్‌బుక్. ఫలితం గురించి ఒక్క మాట అడగలేదు. పోతే పోయింది అనలేదు, ధైర్యం చెప్పలేదు. మంచినీళ్ళు తాగి, నోట్‌బుక్ తెరిచి, "ఈ పదం సరిగ్గా రాసానో లేదో సూడమ్మా, అడిగీటప్పుడు తప్పు సదివితే నీకు ఇబ్బంది కదా" అన్నారు. అప్పటిదాకా ఇంట్లో ఎవరి ముందూ ఏడవని నేను ఆయన ముందు కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన అలాగే కూర్చున్నారు. తర్వాత చూస్తే నోట్‌బుక్‌లో కొత్త పేజీలున్నాయి. సున్నాలు ఎక్కువ పడిన ప్రశ్నలన్నీ ఏరి, సబ్జెక్టువారీగా మళ్ళీ మొదటి నుంచి రాశారు. నేను రాని ఆ రోజులన్నీ ఆయన చేసింది ఆ పనే.

మొన్న ఫలితం కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి పరుగెత్తాను. నా మార్కులు తన పెన్నుతో వెనక పేజీలో రాసుకున్నారు. తర్వాత, "మరింక డ్యూటీ ఎప్పుడేస్తారమ్మా?" అని అడిగారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ కాస్త కోపం వస్తోంది, రానివ్వండి. ఈ పరీక్షకి ప్రశ్నపత్రం బయటికి ఇవ్వరు. జవాబుల కీ ఇవ్వరు. 148 వచ్చినవాళ్ళు ఏ రెండు ప్రశ్నల దగ్గర పోయారో ఎప్పటికీ తెలియదు. మళ్ళీ లెక్కించమని అడిగే దారి లేదు. మళ్ళీ 6,195 రూపాయలు కట్టి రాయడమే. కోరుకున్న ఊళ్ళో సీట్లు అయిపోయాయని నేను పక్క రాష్ట్రం వెళ్ళి రాశాను. సరే, పాసయ్యాం. అయినా కోవిడ్‌లో ఆన్‌లైన్ క్లాసులు విన్నామని కొందరికి రెండేళ్ళ ఇంటర్న్‌షిప్ అంటున్నారు, కొందరికి మూడేళ్ళు. సరిహద్దులు మూసినప్పుడు మేం ఏ క్లాసుకి వెళ్ళాలి? నాకంటే ముందు పాసైన నా రూమ్మేట్ కాలేజీ నుంచి లెటరు తెచ్చినా ఒక ఆఫీసులో ఫైలు వెనక్కిచ్చారు. ఇంకో కాగితం అన్నారు, అది తెస్తే ఇంకోటి. తను అర్హత ఉండి ఇంట్లో కూర్చుంది. మా మండలాల్లో డాక్టరు కోసం జనం పొద్దున్నే వచ్చి లైన్లో కూర్చుంటున్నారు. ఈ రెంటినీ కలపడం ఎవరికీ పట్టదా?

తాతగారూ, డ్యూటీ వేసిన రోజు మీకే ముందు చెబుతాను. డాక్టరుగా నేను మొదట చూసేది మీ బీపీనే. మాత్రలు మానేస్తున్నారని నాకు తెలుసు.

అయ్యో, ఇంకా చాలామంది ఉన్నారు. గ్రంథాలయంలో పనిచేసే అన్న, 11 దాటినా తాళం వెంటనే వేయకుండా "ఇంకో పది నిమిషాలు చదువుకో అమ్మా" అనేవాడు. మా వీధికి వచ్చే ఏఎన్ఎమ్ అక్క పాప టీకా కార్డు పట్టుకుని పట్టికంతా నాకు నేర్పింది. పుట్టగానే బీసీజీ, 6, 10, 14 వారాలకి పెంటావాలెంట్, తొమ్మిది నెలలు నిండాక ఎంఆర్, ఇంక జన్మలో మర్చిపోను. తాతగారికి మా ఇల్లు చూపించింది కూడా తనే. రూమ్మేట్, నీ నోట్సు లేకపోతే సర్జరీ నాకు అర్థమయ్యేది కాదు, నీ ఫైలు కదిలేదాకా నీ వెంట నేనూ వస్తాను. పరీక్ష సెంటర్ దగ్గర అడ్మిట్ కార్డు మీద అతికించడానికి నాకు గమ్ము ఇచ్చిన అమ్మాయీ, కంగారులో నీ పేరు అడగలేదు. ఇది చూస్తే ఒక్క మెసేజ్ పెట్టు, పాసయ్యావా?

బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు బాబాయ్‌ని మర్చిపోయాను! ఎన్ని పేజీలు తీశారో, ఎంత బాకీ ఉన్నానో ఆయనకే తెలియాలి. తాతగారి నోట్‌బుక్ మొత్తం కాపీ తీయించి ఆయన దగ్గరే పెట్టాను, తాతగారు సరేనన్నారు. ఈసారి రాసేవాళ్ళకి కావాలంటే వెళ్ళి అడగండి. ఫోరెన్సిక్ పేజీల్లో పాత సెక్షన్లు కొట్టేసి ఉంటాయి, పక్కన ఎర్ర పెన్నుతో ఉన్నవే చదవండి.