సగం బేగెల్ లెక్కతో సరిపెట్టిన ప్యాకెట్‌పై ఫిర్యాదు

తిరుపతి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ రాగి మల్టీగ్రెయిన్ బేగెల్స్ ప్యాకెట్‌పై పోషక విలువలు ముద్రించిన తీరు గురించి.

అయ్యా,

ఎయిర్ బైపాస్ రోడ్డులోని ఒక సూపర్ మార్కెట్‌లో మీ సంస్థ తయారుచేసిన రాగి మల్టీగ్రెయిన్ బేగెల్స్, అంటే మధ్యలో చిల్లు ఉండే గుండ్రటి రొట్టెలు, కొన్నాను. ప్యాకెట్‌లో నాలుగు, నికర బరువు 360 గ్రాములు. అవి బూజు పట్టలేదు, గడువు దాటలేదు, రుచి కూడా బాగానే ఉంది. మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే ఈ మూడే తిప్పి తిప్పి అడిగారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా పేచీ అంతా ప్యాకెట్ మీద ఉన్న అంకెలతోనే.

ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘కేవలం 120 క్యాలరీలు’, దాని కింద ‘పిండిపదార్థాలు 24 గ్రాములు’ అని వేశారు. పక్కనే నిండు బేగెల్ బొమ్మ. అది చూసినవారెవరైనా ఒక బేగెల్‌కు అంతే అనుకుంటారు. ప్యాకెట్ వెనక్కి తిప్పి, పట్టిక అడుగున కళ్లజోడు పెట్టుకున్నా ఆనని అక్షరాలను పట్టి పట్టి చదివితే అప్పుడు బయటపడుతుంది: ‘ఒక సర్వింగ్ 45 గ్రాములు, అంటే సగం బేగెల్’. నిండు బేగెల్‌కు 240 క్యాలరీలు, 48 గ్రాముల పిండిపదార్థాలు అని ప్యాకెట్ మీద ఎక్కడా లేదు. ఇంతకూ సగం బేగెల్ తిని లేచిపోయే మనిషిని మీరు ఎక్కడైనా చూశారా?

మీ లెక్క తప్పని నేను అనడం లేదు. 100 గ్రాముల వరుసలో 53 గ్రాముల పిండిపదార్థాలు, 10 గ్రాముల ప్రొటీన్, 1.6 గ్రాముల కొవ్వు అని ఇచ్చారు. గ్రాముకు నాలుగు, నాలుగు, తొమ్మిది క్యాలరీల చొప్పున కడితే 266 వస్తుంది. 45 గ్రాములకు 120. కూడిక సరిగ్గానే ఉంది. ఆ కూడికను ఎవరూ తినని ముక్కకు కట్టి ముందువైపు అచ్చు వేయడమే నా అభ్యంతరం.

దీన్ని ఇంత పట్టుకుని ఎందుకు రాస్తున్నానంటే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి టైప్-1 మధుమేహం. తినబోయే పిండిపదార్థాల లెక్క చూసుకుని ప్రతి పూటా ఇన్సులిన్ తీసుకోవాలి. తనకు 10 గ్రాములకు ఒక యూనిట్. ఆ ఉదయం ముందువైపు అంకె చూసి రెండున్నర యూనిట్లు వేసుకుంది, బేగెల్ మొత్తం తిని బడికి వెళ్లింది. వేసుకోవలసింది అయిదు యూనిట్లకు దగ్గరగా. మధ్యాహ్నం కాకముందే బడి నుంచి ఫోను వచ్చింది: షుగర్ బాగా పెరిగింది, పిల్ల నీళ్ల కోసం తహతహలాడుతోంది, వచ్చి చూడండని. ఆ రోజు గండం గడిచింది. అదే ఒకరు నిండు బేగెల్ లెక్కన వేసుకుని సగమే తిన్నారనుకోండి, షుగర్ పడిపోతుంది. మాలాంటి ఇళ్లలో ఆ రెండోదానికే ఎక్కువ భయపడతాం.

బేగెల్ విషయంలో కంటి అంచనా కూడా పనికిరాదు. కాల్చే ముందు ఆ పిండిని మరిగే నీళ్లలో వేసి తీస్తారు. పైపొర ముందే గట్టిపడి, పొయ్యిలో రొట్టెలా పొంగదు. అందుకే మధ్యలో చిల్లు ఉన్నా, చేతికి చిన్నగా కనిపించినా, బరువుకు మూడు బ్రెడ్డు ముక్కలతో సమానం. ఇది మాకన్నా మీకే బాగా తెలుసు. తెలిసినవారే సగం లెక్క వేస్తే కొనేవారు ఏమైపోవాలి?

ఇంకో సంగతి. బడి నుంచి పిల్లను తీసుకొచ్చాక ప్యాకెట్‌లో మిగిలిన మూడింటినీ వంటింటి త్రాసు మీద పెట్టాను. ఒకటి 84 గ్రాములు, ఒకటి 92, ఒకటి 101. మొత్తం బరువు లోటు లేకపోవచ్చు, చట్టం ప్రకారం మీరు సరిగ్గానే ఉండవచ్చు. కానీ మొదటిదానికీ చివరిదానికీ మధ్య 9 గ్రాముల పిండిపదార్థాల తేడా, అంటే మా అమ్మాయికి దాదాపు ఒక యూనిట్ ఇన్సులిన్. ఇడ్లీ అయితే మా ఇంటి పళ్లెం గుంటకు ఎంత పిండి పడుతుందో నాకు తెలుసు, సంగటి ముద్ద అయినా చేతికి తెలుస్తుంది. ప్యాకెట్ తిండి కొనేదే అంకె అచ్చులో ఉంటుందన్న ధీమాతో.

ఇక ఆ రాగి సంగతి. చిత్తూరు, తిరుపతి వైపు వారికి రాగి పేరు చెప్పి మైదా అమ్మడానికి కొంచెం ధైర్యమే కావాలి. ముందువైపు రాగి కంకుల బొమ్మ, ‘హై ఫైబర్’ అన్న ముద్ర. పదార్థాల జాబితాలో మొదటిది మైదా. చక్కెర, మాల్ట్ రెండూ దాటాక రాగిపిండి, అదీ 4 శాతం. నేతి బీరకాయలో నెయ్యి ఉన్నట్టే ఉంది. 100 గ్రాములకు పీచు 2.4 గ్రాములని మీ పట్టికే చెబుతోంది. దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం ఘన ఆహారానికి ‘హై ఫైబర్’ అనాలంటే 100 గ్రాములకు కనీసం 6 గ్రాములు ఉండాలి. పీచు ఉందని మామూలుగా చెప్పుకోవడానికి కూడా 3 గ్రాములు కావాలి. మీది రెండింటికీ అందదు. సర్వింగ్ విషయంలో నిబంధన మీకు వీలు కల్పించిందని వాదించవచ్చు, ఇక్కడ ఆ వాదన కూడా లేదు.

అదనంగా చేర్చిన చక్కెర ఎంతో చూద్దామంటే సరిగ్గా ఆ వరుస మీదే తయారీ తేదీ ముద్ర పడింది. అంకె కనిపించదు. సోడియం నిండు బేగెల్‌కు 432 మిల్లీగ్రాములు తేలుతుంది, రోజంతటికీ లెక్కగా పెట్టిన 2000లో అయిదో వంతు దాటింది. మా మామగారికి బీపీ ఉంది కాబట్టి అది ఆయన జోలికి పోనివ్వడం లేదు.

ఇదంతా ఫోనులో చెబితే మీ ప్రతినిధి ఓపికగా విన్నారు, క్షమాపణ చెప్పారు, తరువాత వంద రూపాయల కూపన్ పోస్టులో పంపారు. ఇంకో ప్యాకెట్ కొనుక్కోమని కాబోలు.

నాకు కావలసింది ఇది. ముందువైపు అంకె నిండు బేగెల్‌కు ఇవ్వండి, ‘ఒక బేగెల్‌కు’ అన్న మాట అంకెతో సమానమైన అక్షరాల్లో ఉండాలి. ‘హై ఫైబర్’ ముద్ర తీసేయండి. తేదీ ముద్ర పట్టిక మీద పడకుండా చూడండి. బేగెల్ బరువు ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో, చేర్చిన చక్కెర ఎంతో నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఇప్పటికే దుకాణాల్లో ఉన్న సరుకు మీద కనీసం ఒక స్టిక్కరైనా అంటించండి, ధర మార్చినప్పుడు అంటిస్తూనే ఉన్నారు కదా.

ఈ లేఖ అందిన నెల రోజుల్లోగా జవాబు రాకపోతే తిరుపతి జిల్లా ఆహార భద్రత అధికారులకు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. తప్పుదారి పట్టించే ప్రకటనలకు 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 53వ సెక్షన్ కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది. అసలు ప్యాకెట్ నా దగ్గరే భద్రంగా ఉంది.

ఇట్లు,
మీ వినియోగదారు
బైరాగిపట్టెడ, తిరుపతి

జతపరచినవి: బిల్లు నకలు, ప్యాకెట్ రెండు వైపుల ఫొటోలు, త్రాసు మీద మూడు బేగెల్స్ ఫొటోలు, మీరు పంపిన కూపన్.