ఉప్పలపాడు చెరువు గట్టు మీది వాలంటీర్ల గురించి

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

పక్షుల కోసం పనిచేసే మా వాలంటీర్లకు గుర్తింపు ఇవ్వాలని మూడుసార్లు అర్జీ ఇచ్చాను. రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందు రాస్తున్నాను.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి వెళ్లరు, ఎవరినీ వెళ్లనివ్వరు. మా కుర్రాళ్లు ఆదివారం తెల్లారేసరికి అక్కడుంటారు. ప్లాస్టిక్ ఏరతారు, బడిపిల్లలకు బైనాక్యులర్ ఇచ్చి పక్షుల పేర్లు చెబుతారు. పెట్రోలు ఖర్చు సొంత జేబులోంచే. రిటైరైన ఓ టీచరమ్మ పక్షుల మీద వీడియోలు చేస్తారు. అవి చూసి మా వీధి పిల్లలు సంక్రాంతికి మాంజా దారం మానేశారు. బోర్డులు ఎన్ని పెట్టినా జరగని పని అది! అలాంటి ఆవిణ్ణి ఒకచోట "కార్డు ఉందా?" అంటూ గంటసేపు ఎండలో నిలబెట్టారు. ఆవిడ ఏమీ అనలేదు. మళ్లీ మాతో రాలేదు.

ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ప్రతి జిల్లా నుంచీ ఇలాంటి వాలంటీర్లను, ప్రకృతి గురించి రాసేవాళ్లను, చెప్పేవాళ్లను పిలిచి సత్కరించండి. శాలువా లేకపోయినా పర్వాలేదు, గుర్తింపు కార్డు మాత్రం ఇప్పించండి. సెప్టెంబరు 15లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక వాలంటీరు