లైసెన్సు పంట కోసమట, పందిని కొడితే మాత్రం కేసట: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మా నాన్న పోయాక ఆయన బర్మారు తుపాకీ, అంటే గొట్టం మూతి నుంచి మందు దట్టించే పాతకాలం తుపాకీ, నా పేరు మీదికి మారింది. ఆయన పాత లైసెన్సు పుస్తకంలో ‘పంట రక్షణ కోసం’ అని ఎవరో గుమస్తా చేత్తో రాశాడు. నా దాంట్లో అదే మాట ప్రింటులో ఉంది. ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే. ఈ తుపాకీతో నేను పంటను ఎట్లా కాపాడుకోవాలి?

అడవిపందిని కొడితే వన్యప్రాణి చట్టం కింద కేసు. మూడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత లక్ష రూపాయల దాకా జరిమానా. కొట్టకపోతే తుపాకీ ఉండి ఏం లాభం? ఇన్నేళ్లుగా నేను చేస్తున్నదల్లా గుండ్లు లేకుండా ఉత్త మందు కూరి చప్పుడు చేయడమే. మొదటి వారం పందులు ఉరుకుతాయి. రెండో వారం తలెత్తి చూస్తాయి. మూడో వారానికి ఆ చప్పుడు వాటికి పక్కింటోళ్ల టీవీ లాంటిది.

మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క రాత్రి మంచె మీద కూర్చుంటే తెలుస్తుంది. ముందు వాసన వస్తుంది, బురద వాసన. తర్వాత కర్ర విరిగిన చప్పుడు. పంది కంకి కోసం పైకి ఎగరదు, రొమ్ముతో కర్రనే పడగొడుతుంది. ఒక కొస కొరికి వదిలేసి పక్క కర్ర మీద పడుతుంది. పూర్తిగా తిన్నా ఇంత బాధ ఉండదు. టార్చి వేస్తే పది పన్నెండు జతల కళ్లు. అందులో సగం పిల్లలు. నా చేతిలో ఉన్నదేమో మందు పోసి, గుడ్డ కుక్కి, ఇనుప చువ్వతో దట్టించి, కేపు పెట్టాకగాని పేలని తుపాకీ. ఒక్కసారి పేలిస్తే మళ్లీ నింపేసరికి మంద చేను దాటి గుట్ట ఎక్కేస్తుంది.

చట్టాలు రెండూ చదివాను, చదివించుకున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు బర్మారు తుపాకీ ఇవ్వవచ్చని స్పష్టంగా ఉంది. అది సరిపోదని అధికారి అనుకుంటే ఇంకో రకం సాదా గొట్టం తుపాకీ కూడా ఇవ్వవచ్చు. 1972 నాటి వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లో, షెడ్యూల్ రెండులో, అంటే చట్టంలోని రెండో జాబితాలో, ఉన్న జంతువు మనుషుల ప్రాణానికో ఆస్తికో ముప్పుగా మారితే, కారణాలు రాసి దాన్ని వేటాడేందుకు అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్రంలో వన్యప్రాణుల పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన అధికారమిచ్చిన వారికి ఉంది. ఆస్తి అంటే పొలంలో నిలబడి ఉన్న పంట కూడా అని అందులోనే రాసి ఉంది. షెడ్యూళ్లు మారాక అడవిపంది మూడో దాంట్లోంచి రెండో దాంట్లోకి వచ్చింది, అయినా ఈ దారి మూసుకుపోలేదు.

అంటే తుపాకీకి ఒక దారి ఉంది, పందికి ఒక దారి ఉంది. ఆ రెండూ ఎక్కడా కలవవు. లైసెన్సు ఇచ్చేది కలెక్టరు, కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనరు. పేల్చడానికి అనుమతి ఇవ్వాల్సింది మీ శాఖ. నేను రెండు చోట్లా తిరిగాను. ఒక ఆఫీసులో “తుపాకీ ఉంది కదా, ఇంకేం కావాలి?” అన్నారు. ఇంకో ఆఫీసులో “తుపాకీ ఎందుకు తెచ్చుకున్నావ్?” అన్నారు. ఎవరినీ తప్పు పట్టను. వాళ్ల ఫైల్లో వాళ్ల మాట రైటే.

తుపాకీ కాకుండా ఉన్న ఉపాయాలన్నీ చేశామండీ. చుట్టూ పాత చీరలు కట్టాం. మంగలి షాపులో వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లాం. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్లు చెప్పినట్టు మక్క చుట్టూ ఆముదం వేశాం. ఆముదం కొంత పనిచేస్తుంది, అబద్ధం చెప్పను. సోలార్ కంచె అన్నిటికంటే మేలు. కానీ రెండెకరాల కౌలు రైతు ఒకరి భూమిలో కంచె ఎందుకు వేస్తాడు, వచ్చే ఏడు ఆ భూమి ఎవరిదో తెలియనప్పుడు?

ఇక మిగిలింది కరెంటు తీగ. లైసెన్సు అక్కర్లేదు, పర్మిషన్ అక్కర్లేదు, మంచె మీద మేలుకోనక్కర్లేదు. బైండింగ్ వైరు మోకాలెత్తులో పుల్లలకు చుట్టి, పైన లైనుకు కొక్కెం తగిలిస్తే అయిపోయింది. అది పందిని, మనిషిని వేరు చేసి చూడదు. మోటారు పెట్టడానికి చీకట్లో పోయిన మనిషి తెల్లారేసరికి గట్టు మీద పడి ఉంటాడు. వైరు కట్టింది వరుసకు బాబాయో అన్నో అయి ఉంటాడు. మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవుల్లో ఇలాంటి తీగలకు పులులు కూడా చచ్చాయి, మీ శాఖకు ఆ లెక్క నాకంటే బాగా తెలుసు. చట్టం ప్రకారం పోయేవాడికి దారి ఇంత ఇరుకుగా ఉంటే, జనం ఈ తీగ వైపే పోతారు.

ఇంకో సంగతి ఉంది, చిన్నదే. ఎన్నికలు వస్తే తుపాకీ ఠాణాలో అప్పజెప్పాలి. 2023లో అసెంబ్లీ షెడ్యూలు వచ్చింది అక్టోబర్ 9న, వరి కోతకొచ్చే వేళ. లోక్‌సభ షెడ్యూలు 2024 మార్చి 16న, యాసంగి పంట చేతికొచ్చే వేళ. ఫలితాలు జూన్ 4న. అంటే పంట రక్షణ తుపాకీ పంట ఉన్నన్నాళ్లూ మాల్‌ఖానాలో పడుకుంది. ఎన్నికల సంఘం సూచనల్లో స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సునూ చూసి నిర్ణయించాలని ఉంది. మాకు మాత్రం ఫోన్ ఒక్కటే వస్తుంది: “రేపటిలోగా తెచ్చి ఇచ్చెయ్.” మందు దట్టించి ఒక్కసారి పేల్చే తుపాకీతో ఎవడు బూత్ ఆక్రమిస్తాడో నాకైతే అర్థం కాదు!

పందిని వన్యప్రాణి చట్టం 62వ సెక్షన్ కింద ‘హానికర జంతువు’గా ప్రకటించమని కేంద్రాన్ని అడగాలని కొందరు రైతు మిత్రులు అంటారు. నేను ఆ పక్షం కాదు. 2015 చివర్లో బీహార్‌లో మనుబోతుల మీద అలాంటి ప్రకటన వచ్చింది. 2016 జూన్‌లో మొకామా దగ్గర, మన హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్లు రెండు వందలకు పైగా మనుబోతులను కొట్టారు. ఇద్దరు కేంద్ర మంత్రులు బహిరంగంగానే మాటలనుకున్నారు. ఒకసారి ఆ ముద్ర పడితే, ప్రకటించిన ప్రాంతంలో, ఆ గడువులో ఎవడైనా కొట్టొచ్చు. మా ఊళ్లో అది పంట రక్షణతో ఆగదు, మాంసం వ్యాపారం అవుతుంది. పంది మాంసం కిలో ఎంత పలుకుతుందో చెప్పే మనుషులు ప్రతి మండలంలో ఉన్నారు. మక్క చేనులో తుపాకీ పేలితే అవతలి గట్టు మీద మనిషి ఉండడన్న గ్యారంటీ కూడా లేదు. తుపాకీ ఉన్నవాడిగానే ఈ మాట చెబుతున్నా.

ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. 11వ సెక్షన్ మీ చేతిలోనే ఉంది. కేరళ 2022 మేలో ఆ సెక్షన్ మీదే ఆధారపడి పంచాయతీ అధ్యక్షులను గౌరవ వన్యప్రాణి వార్డెన్లుగా పెట్టి, పందిని కొట్టే అనుమతి ఇచ్చే అధికారం వాళ్లకు అప్పగించింది. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లకు వాళ్లు అనుమతి ఇవ్వొచ్చు. విషం, పేలుడు మందు, కరెంటు వాడకూడదు. మన దగ్గరా ఆ మధ్య సర్పంచులకు ఆ అధికారం అప్పగించారు. బాగానే ఉంది. కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా మన పల్లెల్లో సర్పంచులే లేరు కదా! ప్రత్యేకాధికారి దగ్గరికి పోతే ఆయనకు నాలుగు ఊళ్ల బాధ్యత, మా గుట్ట ఏ దిక్కున ఉందో తెలియదు.

నేను అడిగేది ఇదీ. వానాకాలం, యాసంగి విత్తనాలకు ముందే, పందుల బెడద ఉన్న ఊళ్లకు సర్వే నంబర్లతో, గడువుతో 11వ సెక్షన్ ఉత్తర్వు ఇవ్వండి. సర్పంచ్ లేకపోతే ఆ పని ఎవరు చేయాలో అందులోనే రాయండి. పంట రక్షణ లైసెన్సు ఉన్నవాళ్లలో తర్ఫీదు పొందినవాళ్ల పేర్లు మండలానికో జాబితాగా పెట్టండి, పేల్చేటప్పుడు బీట్ ఆఫీసర్ పక్కన ఉండాలనండి. పిల్లలున్న తల్లి పందిని కొట్టొద్దనండి. కళేబరం చట్టప్రకారం సర్కారుదే కాబట్టి మా కళ్ల ముందే పూడ్చిపెట్టించండి, అప్పుడు మాంసం కోసం వచ్చేవాడు రాడు. ఎన్నికలప్పుడు ఈ తుపాకుల సంగతి హోం శాఖతో మీరు ఒక్కసారి మాట్లాడండి.

నా లైసెన్సు రెన్యువల్‌కు వచ్చింది. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో ఇప్పుడు ఐదేళ్లకోసారి. ఫారం నింపుతుంటే ‘ఏ అవసరానికి’ అన్న గడి దగ్గర మళ్లీ ఆగిపోయాను. ఈసారి అక్కడ ఏం రాయాలో మీ ఆఫీసు నుంచి జవాబు వచ్చాక నింపుతాను.

ఇట్లు,
ఓ మక్క రైతు,
జగిత్యాల జిల్లా