బాలింత గదిలో కుంపటి

సంపాదకుల వారికి,

డిసెంబర్ వచ్చిందంటే మన పేపర్లలో చలిపులి పంజా విసరక మానదు. బెజవాడలో తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగితే చాలు, మంకీ టోపీలు బయటికొస్తాయి. నాదీ అదే వరస, కాబట్టి ఎగతాళి చేయడం లేదు. కానీ ఆ మాత్రం చలికే భయపడి మా అపార్ట్‌మెంట్‌లో ఒక బాలింత, పసిగుడ్డు చావు అంచుదాకా వెళ్లొచ్చారు. ఈ ఉత్తరం అందుకు.

నేను ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో బాయిలర్ మీద 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేను చూసినవి 210 మెగావాట్ల యూనిట్లు. ఒక్కొక్కటి గంటకు వంద టన్నులకు పైగా బొగ్గు తింటుంది. బొగ్గు సంగతి నాకింకెవరు చెబుతారు అనుకునేవాణ్ణి. రెండేళ్ల కిందట పోలండ్‌లో మా అబ్బాయి దగ్గర ఒక చలికాలం ఉన్నాక ఆ గర్వం కాస్త తగ్గింది.

వాడి ఉద్యోగం క్రాకోవ్‌లో. ఆ ఊళ్లో 2019 సెప్టెంబర్ 1 నుంచి ఇళ్లలో బొగ్గు, కట్టెలు కాల్చకూడదు. వీళ్లు అద్దెకున్నది ఊరి బయట పల్లెలో, అక్కడ ఇంకా బొగ్గు బాయిలర్లున్నాయి. నేలమాళిగలో బీరువా అంత బాయిలర్, దాని పక్కన బొగ్గు తొట్టి. బొగ్గు పాతిక కిలోల బస్తాల్లో వస్తుంది. చిన్నది బఠాణీ గింజంత, పెద్దది ఉసిరికాయంత. పేరు కూడా 'ఎకోగ్రోషెక్', గ్రోషెక్ అంటే బఠాణీయే. తొట్టి అడుగున తిరిగే స్క్రూ కొంచెం కొంచెంగా దాన్ని మంటలోకి నెడుతుంది. అరవై డిగ్రీల నీళ్లు గొట్టాల్లో గదిగదికీ తిరిగొస్తాయి. 540 డిగ్రీల ఆవిరి చూసినవాణ్ణి, ఆవిరే లేని బాయిలర్ నాకు మొదట్లో ఆనలేదు. 'కాస్త తగ్గించి పెడితే బొగ్గు ఆదా కదరా' అన్నాను. తగ్గిస్తే పొగలోని తేమ లోపలి రేకుల మీద నీరై, గంధకంతో కలిసి యాసిడ్‌గా మారి వాటిని తినేస్తుందని ఇంటాయన చెప్పి వెళ్లాడట. థర్మల్‌లో పొగ వేడితో గాలిని కాచే ఎయిర్ హీటర్ల దగ్గర మేం పడ్డ పాట్లే అవి! అడగ్గానే నాకే తట్టాల్సింది.

ఒక అర్ధరాత్రి రేడియేటర్లు చల్లబడిపోయాయి. బయట మైనస్ 11. దిగి చూస్తే ఫ్యాను తిరుగుతోంది, స్క్రూ తిరగడం లేదు. స్క్రూకి ఏదైనా అడ్డం పడితే మోటారు కాలిపోకుండా ముందే తెగిపోవడానికి ఒక మెత్తటి పిన్ను పెడతారు, అది తెగింది. బొగ్గంతా తోడితే గచ్చకాయంత రాయి దొరికింది. కొత్త పిన్ను కొట్టి మళ్లీ అంటించేసరికి తెల్లారింది. మా కోడలు ఇచ్చిన కాఫీ రుచి ఇప్పటికీ గుర్తే.

అసలు విషయానికొస్తాను. బాయిలర్ గది బయటా, పడగ్గదిలోనూ గోడకి సబ్బుపెట్టెంత తెల్ల డబ్బా ఒకటుండేది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషపు గ్యాసు గదిలో చేరితే అరిచే అలారం. ఫిబ్రవరిలో ఒక ఉదయం అది చెవులు చిల్లులు పడేలా అరిచింది. పొగ లేదు, వాసన లేదు, నాకు కాస్త తల దిమ్ముగా ఉంది, అంతే. 'బ్యాటరీ అయిపోయుంటుందిలే' అన్నాను. మా వాడు నా మాట వినకుండా తలుపులన్నీ బార్లా తీసి, పిల్లతో సహా అందర్నీ మంచులోకి తోశాడు. తర్వాత చూస్తే పొగదారి మసి పట్టి సగం మూసుకుపోయింది. థర్మల్‌లో ఏనుగులంత ఫ్యాన్లు పొగని లాగి చిమ్నీకి అప్పగించేవి. అందుకే 31 ఏళ్లలో ఈ గ్యాసు నా ముక్కు దాకా ఎప్పుడూ రాలేదు.

పోయిన డిసెంబర్లో ఒక సాయంత్రం మోటారు కట్టేద్దామని కిందికి దిగాను. వాచ్‌మన్ గదిలో వాళ్లమ్మాయి పురిటికొచ్చి ఉంది. కిటికీ సందుల్లో పాత చీర కుక్కారు, తలుపు కింద గోనెపట్టా. నవారు మంచం కింద కుంపటి, అందులో ఎర్రగా మండుతున్న బొగ్గులు. మధ్యాహ్నం నుంచి అమ్మాయికి తలపోటు, రెండు వాంతులు. బిడ్డ పాలు పట్టడం లేదు. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి కుంపట్లో వేశారట, "ఘాటే రాలేదు బాబుగారూ, పెద్ద దిష్టే" అంది వాచ్‌మన్ భార్య. నేను గోనెపట్టాతో కుంపటి పట్టుకుని బయటికి విసిరి, చీర లాగేసి, తల్లీబిడ్డల్ని పార్కింగ్‌లోకి తెచ్చాను. ఆసుపత్రిలో రాత్రంతా ఆక్సిజన్ పెట్టి మర్నాడు పంపారు. పచ్చి బాలింతని చలిగాలికి పెట్టానని ఆవిడ నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

ఆవిడ తప్పేం లేదు. పొగొస్తేనే ప్రమాదం, బొగ్గు ఎర్రబడితే ఇక భయం లేదు అని మనందరి నమ్మకం. గాలి చాలని గదిలో ఆ ఎర్రటి బొగ్గే ఈ గ్యాసుని కక్కుతుంది. ఆక్సిజన్ కన్నా అది 200 రెట్లకు పైగా గట్టిగా రక్తాన్ని పట్టుకుంటుంది. మా నాయనమ్మ నీళ్లు కాగే రాగి బాయిలర్ని ఎంత వానొచ్చినా పెరట్లోంచి కదలనిచ్చేది కాదు. ఇప్పుడు పెరళ్లు లేవు, గదికి ఒకటే కిటికీ.

ప్రసవమై ఇంటికి పంపేటప్పుడు టీకాల కార్డుతో పాటు ఈ ఒక్క మాటా చెప్పమని ఆసుపత్రుల వాళ్లనీ, ఆశా కార్యకర్తలనీ కోరుతున్నాను. సాంబ్రాణి వేయొద్దని కాదు. వేసి, కుంపటి బయట పెట్టి, తర్వాత తలుపేసుకోమనండి. బాత్‌రూంలోపల గ్యాస్ గీజర్ బిగించుకున్న వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వంటింటి పెద్ద బర్నర్లు నాలుగు ఒకేసారి వెలిగించి తలుపేసుకున్నట్టు లెక్క. మా మూడో అంతస్తులో ఒకటుంది, కిటికీకి మా బిల్డర్ కదలని అద్దం బిగించాడు.

ఆ అలారం కోసం గవర్నరుపేటలో నాలుగు షాపులు తిరిగాను. నలుగురూ పొగ అలారమే చూపించారు. పొగే లేని గ్యాసుకి అదెందుకు పనికొస్తుంది? మన ఊళ్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎక్కడైనా అమ్ముతుంటే పాఠకులెవరైనా ఇదే శీర్షికలో రాయగలరు. నాకు రెండు కావాలి, ఒకటి వాచ్‌మన్ గదికి, ఒకటి మూడో అంతస్తుకి.

- ఒక రిటైర్డ్ బాయిలర్ ఉద్యోగి, భవానీపురం, విజయవాడ